పెద్ద కట్టడాల వెనుక జ్ఞానవ్యవస్థ

విజయవాడ వన్‌టౌన్‌లో ఇంద్రకీలాద్రి పాదం వద్ద నిలిచి దక్షిణంగా చూస్తే కృష్ణకు అడ్డంగా ప్రకాశం బ్యారేజి కనబడుతుంది. ఆవలి గట్టున సీతానగరం కొండ ఉన్నది. ఈవలి గట్టున బందరు, ఏలూరు, రైవసు కాలువలు నగరం మధ్యనుండి డెల్టా పొలాల వైపు సాగిపోతాయి. కొండకు, నదికి నడుమనున్న ఇరుకు దారి మీదుగా కనకదుర్గ ఫ్లైఓవరు వంపు తిరిగి పోతుంది. చూచేవారికి ఇవన్నీ రాయి, సిమెంటు, ఇనుము. ఐతే ఈ కట్టడాలలో కంటికి కనబడని వస్తువు మరొకటి కలదు. అది తెలివి.

ఇసుకలో పునాది ఎట్లా నిలుస్తుంది, ఏ తలుపును ఎప్పుడు ఎత్తవలెను, ఎగువన ఎంత వాన కురిస్తే దిగువన ఎన్ని గంటలకు నీరు వస్తుంది, ఏ గట్టు ఎక్కడ బలహీనంగా ఉన్నది - ఈ సంగతులన్నీ తెలిసిన మనిషి ఒక్కడూ ఉండడు. కొంత ఇంజనీరుకు తెలుసు. కొంత మేస్త్రీకి తెలుసు. కొంత తలుపుల వద్ద పనిచేసే లస్కరుకు తెలుసు. కొంత పాత పటాలలో, లెక్క పుస్తకాలలో ఉన్నది. ఇన్ని చోట్ల చెదరి ఉన్న తెలివి సమయానికి ఒకచోట కూడకపోతే, ఎంత గట్టి కట్టడమైనా ఆపదలో పడుతుంది. దానిని ఒకచోట కూర్చే ఉపాయం ఏమిటన్నదే ఈ వ్యాస విషయం.

తెలివి నడచివచ్చిన దారి

1832-33లో వచ్చిన గుంటూరు కరువులో వేలకొలది జనం మరణించినారు. కృష్ణ నిండుగా పారి సముద్రంలో కలుస్తూ ఉండగానే దాని గట్ల వెంబడి పొలాలు ఎండినవి. నదికి ఆనకట్ట వేయవలెననే ఆలోచన అటుపిమ్మట బలపడినది. బెజవాడ వద్ద ఆనకట్ట పని 1852లో ఆరంభమై 1855లో ముగిసినది. దానిని నిర్వహించినవాడు కెప్టెన్ ఆర్.

ఆర్‌కు ఆ పని ఎట్లా తెలిసినది? అతడు అంతకు పూర్వం ధవళేశ్వరంలో గోదావరి ఆనకట్ట మీద ఆర్థర్ కాటన్‌తో పనిచేసినాడు. ఆ ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తి అయినది. కాటన్ అంతకు ముందు తమిళదేశంలో కొల్లిడం నదిపై ఆనకట్టలు కట్టించినాడు. అక్కడ అతనికి గురువుగా నిలిచినది కావేరిపై చోళుల కాలం నాటి కల్లణై. లోతు తెలియని వదులు ఇసుకలో పునాది నిలిపే పద్ధతిని ఈ దేశపు పూర్వులనుండే నేర్చుకొన్నామని కాటన్ స్వయంగా ఒప్పుకొన్నాడు.

అనగా ఒక తెలివి కావేరి నుండి కొల్లిడానికి, అక్కడినుండి గోదావరికి, గోదావరి నుండి కృష్ణకు నడచివచ్చినది. అది పుస్తకాలలో కంటె మనుషుల వెంట ఎక్కువగా నడచినది. ధవళేశ్వరంలో పని ముగిసిన సంవత్సరమే బెజవాడలో పని మొదలు కావడం వలన, చేయి తిరిగినవారి నైపుణ్యం చెదరకముందే క్రొత్త పనికి అందినది. ఆ రెండు పనులకు మధ్య ముప్పది సంవత్సరాల ఎడం ఉంటే, అదే పాఠాన్ని మరల మొదటినుండి నేర్చుకోవలసి వచ్చి ఉండేది.

ఆ ఆనకట్ట 97 సంవత్సరాలు నిలిచినది. 1952 వరదలో దానికి గండి పడినది. దాని స్థానంలో 1954 నుండి 1957 వరకు నేటి బ్యారేజిని కట్టినారు. 1957 డిసెంబరు 24న దానిపై రాకపోకలు ప్రారంభమైనవి. ఆంధ్ర రాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పేరు దానికి పెట్టినారు. దాని పొడవు సుమారు 1,223 మీటర్లు. ప్రధాన తలుపులు 70. దాని క్రింద సాగయ్యే డెల్టా భూమి సుమారు 13 లక్షల ఎకరాలు.

వ్యవస్థ అనగా ఏమి?

ఇటుకల కుప్పలోనుండి ఒక ఇటుకను తీసివేస్తే కుప్ప కొంచెం చిన్నదవుతుంది, అంతే. సైకిలునుండి గొలుసును తీసివేస్తే అది సైకిలుగా పనిచేయదు. చక్రాలు, పెడళ్ళు అన్నీ సరిగా ఉన్నా బండి కదలదు. కారణం, సైకిలు నడక దాని భాగాలలో కంటె ఆ భాగాల మధ్యనున్న సంబంధాలలో ఉన్నది. ఇట్లా పరస్పర సంబంధాలతో ఒకటిగా పనిచేసే సముదాయాన్ని వ్యవస్థ అంటారు.

భాగాలను విడివిడిగా పరిశీలించడం విజ్ఞానశాస్త్రానికి చిరకాలపు అలవాటు. సంబంధాలను కూడ శాస్త్రీయంగా పరిశీలించవలెనని ఇరువదవ శతాబ్దపు నడుమ కొందరు పండితులు పట్టుబట్టినారు. జీవశాస్త్రజ్ఞుడు బెర్టలాన్‌ఫీ అన్ని రకాల వ్యవస్థలకు సామాన్యమైన సూత్రాలను వెదకినాడు. గణితజ్ఞుడు నార్బర్ట్ వీనర్ 1948లో ప్రచురించిన గ్రంథంలో యంత్రాలకు, ప్రాణులకు ఉమ్మడిగా ఉండే నియంత్రణ విధానాన్ని వివరించినాడు. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో జే ఫారెస్టర్ 1956 నుండి కర్మాగారాల ఒడుదొడుకులను ఈ దృష్టితో లెక్కకట్టినాడు.

వీరు చెప్పిన వాటిలో నాలుగు భావాలు ఇక్కడ చాలును. మొదటిది నిలువ: చెరువులో నీరు వలె, ఒకచోట కూడి ఉండేది. రెండవది ప్రవాహం: నిలువను పెంచే రాక, తగ్గించే పోక. మూడవది వలయం: చేసిన పని ఫలితం తిరిగివచ్చి తరువాతి పనిని మార్చడం. దీనినే ఇంగ్లీషు మాటలో ఫీడ్‌బ్యాక్ అంటారు. అన్నం ఉడికినదో లేదో ఒక మెతుకు పట్టి చూచి మంట తగ్గించే తల్లి చేసేది ఇదే. నాలుగవది జాగు: కారణానికి, ఫలితానికి మధ్య గడిచే కాలం.

నలుబది ఐదు నిమిషాల లెక్క

ఈ భావాలను బ్యారేజికి అన్వయించి చూడవచ్చును. సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు పారితే దానిని క్యూసెక్కు అంటారు. వంద కోట్ల ఘనపుటడుగుల నీరు ఒక టీఎంసీ. ప్రకాశం బ్యారేజి వెనుక నిలువ ఉండగల నీరు సుమారు 3.07 టీఎంసీలు, అనగా 307 కోట్ల ఘనపుటడుగులు. 2024 సెప్టెంబరు 2వ తేదీన బ్యారేజికి సుమారు 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినది. బ్యారేజి కట్టిన తరువాత అంత వరద ఎన్నడూ రాలేదు. దాని నిర్మాణానికి ఆధారంగా తీసుకొన్న గరిష్ఠ ప్రవాహం 11.9 లక్షల క్యూసెక్కులు.

307 కోట్లను 11.43 లక్షలతో భాగిస్తే సుమారు 2,690 సెకన్లు వస్తుంది. అది దాదాపు 45 నిమిషాలు. అనగా, ఖాళీగా ఉన్న బ్యారేజి సైతం అంత వరదకు ముప్పావు గంటలో నిండిపోతుంది. దీనినిబట్టి ఒక సత్యం తేలుతుంది: బ్యారేజి వరదను ఆపలేదు, దాటించగలదు మాత్రమే. కాబట్టి దాని తలుపుల వద్ద నిలిచిన ఇంజనీరుకు కావలసిన జ్ఞానం బ్యారేజిలో లేదు. అది పులిచింతలలో, నాగార్జునసాగరంలో, శ్రీశైలంలో, పులిచింతలకు దిగువన వచ్చి కలిసే మునేరులో ఉన్నది. అక్కడి సమాచారం ఇక్కడికి నీటికంటె ముందు చేరవలెను. నీటి ప్రయాణానికి పట్టే గంటలే ఇంజనీరుకు దొరికే గడువు.

2009 అక్టోబరులో ఈ సంబంధం విలువ స్పష్టపడినది. శ్రీశైలానికి సుమారు 25 లక్షల క్యూసెక్కుల వరద చేరినది. అదే ప్రవాహం అట్లే విజయవాడకు వచ్చి ఉంటే బ్యారేజి తాళేది కాదు. శ్రీశైలంలోను, నాగార్జునసాగరంలోను కొంత నిలిపి, కొంత కొంతగా వదలడం వలన బ్యారేజి వద్ద ప్రవాహం సుమారు 11.1 లక్షల క్యూసెక్కులకు పరిమితమైనది. మూడు కట్టడాలు మూడు వేరు వేరు పనులుగా కాక, ఒకే వ్యవస్థగా నడిచినందువలన నగరం గట్టెక్కినది.

గీత ఎక్కడ గీయవలెను?

వ్యవస్థను పరిశీలించేవారు మొదట వేసుకొనే ప్రశ్న, దాని ఎల్ల ఎక్కడ అని. ఎల్లను చిన్నదిగా గీస్తే ముఖ్యమైన సంబంధం బయట ఉండిపోతుంది. దీనికి బుడమేరు సాక్ష్యం.

బుడమేరు మైలవరం వైపు కొండలలో పుట్టి, విజయవాడ ప్రక్కగా పోయి కొల్లేరులో కలిసే వాగు. దాని వరదనుండి నగరాన్ని కాపాడేందుకు వెలగలేరు వద్ద రెగ్యులేటరు కట్టి, అక్కడినుండి మళ్ళింపు కాలువ త్రవ్వి, బ్యారేజికి ఎగువన కృష్ణలో కలిపినారు. అదే కాలువ 2015 నుండి పట్టిసీమ గోదావరి నీటిని కూడ కృష్ణకు తెచ్చుటకు ఉపయోగపడినది. విడిగా చూస్తే ఇది తెలివైన ఏర్పాటు.

ఐతే నీరు పల్లానికే పారుతుంది. కృష్ణ నిండుగా ఉండి మట్టం పెరిగినప్పుడు మళ్ళింపు కాలువ నీరు నదిలో దిగజాలదు, వెనుకకు ఎగదన్నుతుంది. అందుచేత కృష్ణకు, బుడమేరుకు ఒకేసారి వరద వస్తే, ఈ ఏర్పాటు ఎప్పుడు ఎక్కువ అవసరమో అప్పుడే తక్కువగా పనిచేస్తుంది. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట జరిగినది అదే. మళ్ళింపు కాలువ గట్టుకు గండ్లు పడినవి. సింగునగర్ మొదలైన ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో ఉన్నవి. ప్రాణనష్టం కూడ జరిగినది. కృష్ణలంక ప్రక్కన నదీతీరంలో కట్టిన రక్షణ గోడ నది నీటిని ఆపినది. కాని నగరంలోనికి నీరు వచ్చినది వెనుక వైపునుండి.

కృష్ణ వరదను గూర్చి తెలిసినవారు ఉన్నారు. బుడమేరును గూర్చి తెలిసినవారు ఉన్నారు. ఆ రెండూ కలిసినప్పుడు ఏమవుతుందనే మూడవ తెలివి, ఈ రెండింటి మధ్య పుట్టవలసినది. ఏ ఒక్క కార్యాలయపు బీరువాలోను అది తనంత తాను పుట్టదు. రెండు పటాలను ఒకే బల్ల మీద పరచి, రెండు చోట్ల పనిచేసేవారిని ఎదురెదురుగా కూర్చోబెట్టినప్పుడే పుడుతుంది.

కాగితం మీది తెలివి, చేతిలోని తెలివి

జ్ఞానం రెండు రూపాలలో ఉంటుంది. పటాలు, కొలతలు, నియమాలు కాగితం మీద వ్రాయదగినవి. మేస్త్రీ తాపీతో తట్టి శబ్దాన్నిబట్టి గోడ బిగువును చెప్పడం, లస్కరు గొలుసు మ్రోతనుబట్టి తలుపు పట్టివేస్తున్నదని గుర్తించడం - ఇవి చేతిలో, చెవిలో ఉండే తెలివి. మాటలలో పెట్టలేని ఇట్టి జ్ఞానం ప్రతి విద్యలోను ఉంటుందని మైకేల్ పొలాన్యి అనే శాస్త్రజ్ఞుడు 1966లో ప్రచురించిన గ్రంథంలో వివరించినాడు.

2024 సెప్టెంబరు వరదలో ఎగువనుండి కొట్టుకొనివచ్చిన భారీ పడవలు బ్యారేజిని ఢీకొన్నవి. 67, 69, 70 సంఖ్యల తలుపుల వద్ద బరువు దిమ్మలు దెబ్బతిన్నవి. బావి గిలకకు ఒక కొసన బిందె, మరొక కొసన దానికి సరితూగే బరువు ఉంటే చేద తేలికగా పైకి వస్తుంది. తలుపునకు బరువు దిమ్మ చేసే సాయం కూడ అట్టిదే. ఈ మరమ్మతుకు ఆనకట్ట తలుపుల నిపుణుడు, ఎప్పుడో పదవీ విరమణ చేసిన కన్నయ్యనాయుడును పిలిపించినారు. అంతకు నెలనాడు, ఆగస్టు 10వ తేదీ రాత్రి, కృష్ణకు ఉపనది ఐన తుంగభద్ర మీది ఆనకట్టలో 19వ తలుపు గొలుసు తెగి కొట్టుకొనిపోయినప్పుడు, పారుతున్న నీటిలోనే తాత్కాలిక పలకలు దింపే పనికి కూడ ఆయననే పిలిచినారు. 2021 ఆగస్టు 5న పులిచింతల 16వ తలుపు కొట్టుకొనిపోయిన సంగతి అంతకు ముందే జరిగినది.

అనుభవజ్ఞుడు అందుబాటులో ఉండడం అదృష్టం. ఆ అదృష్టం మీదనే ఆధారపడవలసిరావడం ఆలోచించదగిన విషయం. జ్ఞానాన్ని చెరువుతో పోలిస్తే, క్రొత్తవారు నేర్చుకోవడం దానిలోనికి వచ్చే నీరు. పదవీ విరమణలు, బదిలీలు, చెదలు తిన్న పటాలు దానినుండి పోయే నీరు. ఎవరూ చదవని నివేదికలు దానిలో పేరుకొనే పూడిక. పోక ప్రతి సంవత్సరం తప్పదు. రాక ఆగిపోయినప్పటికీ చెరువు వెంటనే ఎండదు. చాలాకాలం నిండుగానే కనబడుతుంది. జాగు చేసే మోసం ఇదే. నీరు లేదని తెలిసేది అవసరం వచ్చిన రాత్రి.

తిరుగుపని వలయం

కట్టిన తరువాతనే కాక, కట్టేటప్పుడు కూడ ఈ దృష్టి అవసరం. వన్‌టౌన్‌లోని కనకదుర్గ ఫ్లైఓవరునకు 2015లో శంకుస్థాపన జరిగినది. 2020 అక్టోబరు 16న అది ప్రారంభమైనది. ఆ పని జరిగిన చోటు ఎట్టిదో గమనించవలెను. ఒక ప్రక్క కొండ, ఒక ప్రక్క నది, నడుమ హైదరాబాదుకు పోయే రహదారి. పైగా దుర్గగుడికి వచ్చే యాత్రికులు. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలు, ఏటేటా దసరా ఉత్సవాలు. రోడ్డు, నీటిపారుదల, విద్యుత్తు, పురపాలక, దేవాలయ శాఖలు అన్నిటికీ ఆ నేలతో పని ఉన్నది. ఇట్టి చోట ఒకరి నిర్ణయం మరి నలుగురి పనిని మారుస్తుంది.

ఇటువంటి పెద్ద పనులన్నిటిలోను కనబడే ఒక వలయాన్ని వ్యవస్థా శాస్త్రజ్ఞులు గుర్తించినారు. ఒక స్తంభానికి త్రవ్విన గుంతలో పాత నీటి గొట్టం బయటపడినదనుకొనండి. పటం మార్చినారు. మారిన పటం మేస్త్రీకి చేరడానికి పది రోజులు పట్టినది. ఆ పది రోజులు పాత పటం ప్రకారం ఊచలు కట్టినారు. వాటిని విప్పి మరల కట్టవలెను. పని వెనుకబడినది. వెనుకబడినది గనుక తొందర పెరిగినది. క్రొత్త కూలీలను దింపినారు. వారికి పని నేర్పుటకు పాతవారి సమయం పోయినది. తొందరలో మరికొన్ని తప్పులు జరిగినవి. ఆ తప్పుల వలన మరికొంత తిరుగుపని వచ్చినది. తప్పు తొందరను, తొందర తప్పును పెంచుతూ వలయం తిరుగుతుంది.

ఈ వలయంలో ఎవరిని నిందించినా ప్రయోజనం తక్కువ. దానిని తెంచదగిన చోటు, పటం మారిన క్షణానికి, మేస్త్రీకి తెలిసిన క్షణానికి మధ్యనున్న పది రోజుల జాగు. ఆ పది రోజులను ఒక రోజుగా చేస్తే, వందమంది కూలీలను అదనంగా దింపినదానికంటె ఎక్కువ ఫలితం ఉండవచ్చును. సంబంధాలను చూచే దృష్టి ఇచ్చే లాభం ఇది.

చేయదగిన పనులు

పైన చెప్పిన సంగతులనుండి కొన్ని నియమాలు తేలుతాయి. మొదటిది, ఏమి నిర్ణయించినారో వ్రాసినట్లే, ఎందుకు నిర్ణయించినారో కూడ వ్రాయవలెను. కారణం తెలియని నియమాన్ని తరువాతివారు నిర్లక్ష్యం చేస్తారు, లేదా పరిస్థితులు మారినా గ్రుడ్డిగా పాటిస్తారు. రెండవది, పెద్దవారు విరమించుటకు ముందే చిన్నవారిని వారి ప్రక్కన నిలబెట్టవలెను. చేతిలోని తెలివి చేతినుండి చేతికే పోతుంది. మూడవది, పొరపాటును చెప్పినవానిని దండించకూడదు. దండిస్తే వార్త ఆగుతుంది, వలయం తెగుతుంది, పొరపాటు లోపల పెరుగుతుంది. నాలుగవది, రెండు శాఖల సరిహద్దులో ఏమి జరుగుతున్నదో చూచే బాధ్యత ఎవరిదో ముందే పేరుతో నిర్ణయించవలెను. ఐదవది, ప్రతి వరద తరువాత, ప్రతి పని తరువాత, అనుకొన్నది ఏమి, జరిగినది ఏమి అని సరిపోల్చి ఆ వ్యత్యాసాన్ని గ్రంథస్థం చేయవలెను.

నేడు ఉపగ్రహాలు, కంప్యూటర్లు, నీటిమట్టాన్ని తమంతట తామే కొలిచే పరికరాలు వచ్చినవి. అవి వార్తను వేగంగా మోస్తాయి. ఆ వార్త ఎవరికి చేరవలెనో, చేరిన తరువాత ఏమి చేయవలెనో నిర్ణయించే పని మాత్రం మనుషులదే.

తరగతి గదిలో ఒక అభ్యాసం

ఉపాధ్యాయులు ఈ విషయాన్ని సులభంగా బోధించవచ్చును. నల్లబల్ల మీద శ్రీశైలం, నాగార్జునసాగరం, పులిచింతల, మునేరు, బుడమేరు, ప్రకాశం బ్యారేజి, కొల్లేరు, సముద్రం అని వ్రాసి, నీరు పోయే దిశలో బాణాలు గీయించవలెను. తరువాత వేరొక రంగు సుద్దతో వార్త పోవలసిన దిశలో బాణాలు గీయించవలెను. రెండవ రంగు బాణాలు చాలావరకు మొదటివాటి వెంటనే పోయినా, బుడమేరు వద్ద ఇరువైపులా పోవలసి ఉంటుందని విద్యార్థులే కనిపెడతారు. లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఎన్ని టీఎంసీలు అవుతుందో లెక్క కట్టించవచ్చును, జవాబు 8.64.

డెల్టా గ్రామాల విద్యార్థులైతే ఇంకొక పని చేయవచ్చును. తమ ఊరి కాలువ లాకుల వద్ద, తూముల వద్ద చిరకాలం పనిచేసిన పెద్దలను కలిసి, ఏ సంవత్సరంలో నీరు ఎంతవరకు వచ్చినది, ఏ గట్టు తెగినది, దానిని ఎట్లా పూడ్చినారు అని అడిగి నోటు పుస్తకంలో వ్రాసుకోవలెను. వ్రాసినదానిని ఆ పెద్దలకే చదివి వినిపించి సరిదిద్దించుకోవలెను. బడిలో భద్రపరచిన ఆ పుస్తకం తరువాతి తరగతివారికి ఆధారమవుతుంది. వారు దానికి మరికొంత చేరుస్తారు. కల్లణై నుండి బెజవాడకు నడచివచ్చిన తెలివి ఇట్లే, ఒకరినుండి ఒకరికి, ఆగకుండా వచ్చినది. తరువాతి వరద ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. అది వచ్చిన రోజున గత వరద నేర్పిన పాఠం ఎక్కడ ఉన్నదో వెదుకుకొనే పని లేకుండా చేసుకోవడం మాత్రం ప్రజల చేతిలోనే ఉన్నది.